టికెట్టక్క పెరట్లో కత్తెర

టికెట్టక్క కొత్త కోడలిని పెట్టెతో సహా ఇంట్లోంచి గెంటేసిందన్న మాట వీధిలో ఇంకా తిరుగుతూనే ఉంది. పాల బూత్ దగ్గర ఒక రకంగా, కుళాయి దగ్గర ఇంకో రకంగా, ఇస్త్రీ కొట్టు దగ్గర మరో రకంగా. పాల బూత్ వాళ్ళ లెక్కలో పెట్టె ఒక్కటే. ఆ మాట ఇస్త్రీ కొట్టు చేరేసరికి పెట్టెలు మూడయ్యాయి, అత్తగారి చేతిలోకి కత్తెర కూడా వచ్చి చేరింది. కుళాయి దగ్గరైతే మరీ ఘోరం. ఆవిడ వీధి మొత్తానికీ వినబడేలా ఈల వేసి మరీ గెంటిందట.

ఇందులో పెట్టె నిజం. కత్తెర నిజం. ఈల కూడా నిజమే. మిగతాదంతా ఎవరికి తోచిన అల్లిక వాళ్ళు అల్లారు. జరిగింది జరిగినట్టు చెప్పాలంటే ముందు టికెట్టక్క ఎలాంటి మనిషో తెలియాలి, ఆ తరవాత ఆవిడ పెరడు తెలియాలి.

టికెట్టక్క ముప్ఫై ఒక్క ఏళ్ళు బస్సు కండక్టరుగా చేసింది. ఆవిడ చేతి టికెట్టు తీసుకోని మనిషి ఈ వీధిలో లేడు. సొంత తల్లి ఎక్కినా టికెట్టు కొట్టింది, "పెద్దదాన్నే, సగం కొట్టవే" అని ఆవిడ బతిమాలినా వినలేదు. ఏడో నంబరు బస్సుకి డ్రైవరు వాళ్ళాయనే. ఒకే బస్సు కాబట్టి పెళ్ళయిందా, పెళ్ళయింది కాబట్టి ఒకే బస్సు ఇచ్చారా అంటే ఇద్దరూ చెరో జవాబు చెబుతారు. బస్సులో ఆయన ముందు, ఈవిడ వెనక, మధ్యలో కిటకిటలాడే జనం. ఇద్దరి మధ్యా కాపురమంతా ఈలతోనే నడిచింది. ఒక ఈల వేస్తే ఆగాలి, రెండు వేస్తే కదలాలి. రిటైరయ్యాక డిపోకి అన్నీ అప్పజెప్పింది గానీ ఈల మాత్రం మెళ్ళోనే ఉండిపోయింది. ఇప్పటికీ మేడ మెట్లు దిగుతున్న మనిషికి వెనక నుంచి ఒక్క ఈల వినబడిందంటే, ఎత్తిన కాలు ఎత్తినట్టే నిలబడిపోతాడు.

"మా ఆయన చెవుల్లో బ్రేకులున్నాయి" అంటుంది ఆవిడ.

"బ్రేకులుండబట్టే ఇన్నాళ్ళూ ఎక్కడా గుద్దుకోలేదు" అంటాడు ఆయన, రెండో ఈల పడ్డాక.

ఇక పెరడు సంగతి. అది మొదలైంది కూడా బస్సులోనే. ఒక వానాకాలం సాయంత్రం ఆఖరి సీటు కింద చిన్న మట్టి కుండీ దొరికింది. అందులో అయిదారు ఆకులు, చేటంత కాకపోయినా చెయ్యంత ఎర్ర పువ్వొకటి. జెర్బెరా. మరిచిపోయిన వాళ్ళెవరో తెలియదు. రూలు ప్రకారం డిపోలో పోయిన సామాన్ల గదికి అప్పజెప్పింది. గొడుగులూ టిఫిను డబ్బాలూ ఒంటికాలి చెప్పులూ ఉన్న ఆ చీకటి గదిలో మొక్క ఏం బతుకుతుంది? అందుకని రోజూ డ్యూటీ ఎక్కేముందు కిటికీ దగ్గరకి జరిపి, నీళ్ళు పోసి వెళ్ళేది. తొంభై రోజులయ్యాక గది గుమస్తా, "ఎవరూ రాలేదు. పారేస్తావో, పట్టుకుపోతావో నీ ఇష్టం" అన్నాడు. సంతకం పెట్టి పట్టుకొచ్చింది.

పూసిన పువ్వు వాడిపోతే మొక్క కూడా పోతుందనుకుంది. పోలేదు. ఒకటి వాడితే ఇంకొకటి పూసింది. ఆ ఏడాది గడిచినా అలాగే ఉంది, పైగా ఒక్క మొదలు కాస్తా మూడు మొదళ్ళయి, దుబ్బుగా కుండీ పగిలేలా ఒత్తుకుంది. అప్పుడు తెలిసింది, ఇది ఒక కారు పూసి పోయే మొక్క కాదు, ఏళ్ళ తరబడి మనతో కాపురం చేసే రకమని. రెండు మూడేళ్ళకోసారి దుబ్బుని తవ్వి, పిలకలు విడదీసి, విడివిడిగా నాటుకుంటే చాలు. అలా ఒక్క కుండీ మూడయ్యింది, మూడు తొమ్మిదయ్యాయి. తెలిసిన వాళ్ళ దగ్గర పసుపు రంగూ గులాబి రంగూ తెచ్చి కలుపుకుంది. రిటైరయ్యేనాటికి వెనక పెరట్లో పన్నెండు ఎత్తు మడులు, నూట అరవై దుబ్బులు. ఒక్కో మడికీ ఒక్కో స్టాపు పేరు. గేటు పక్కది డిపో. కుళాయి పక్కది ఆసుపత్రి, ఎందుకంటే నీరసంగా ఉన్న మొక్కలన్నీ అక్కడికే చేరతాయి.

ఆ పూలు ఇంట్లో ఊరికే వాడిపోవు. శుక్రవారం పొద్దున్నే స్కూటరు మీద బయల్దేరి నాలుగు చోట్లకి వెళతాయి. లాడ్జి రిసెప్షన్ బల్లకి, పళ్ళ డాక్టరు గదికి, లైబ్రరీకి, కొడుకు అద్దాలు అరగదీసే కళ్ళజోళ్ళ షాపుకి. పూలు నిలబెట్టే వాజులు కూడా టికెట్టక్కవే. ఆవిడే కడుగుతుంది, ఆవిడే నీళ్ళు పోస్తుంది. అదీ నాలుగు వేళ్ళ లోతే. నిండా పోస్తే నూగున్న ఆ కాడ నానిపోయి జావగారిపోతుంది. "మనిషిని కాళ్ళు తడుపుకోమంటే పీకల్లోతు దిగినట్టుంటుంది" అని లైబ్రరీ ఆవిడకి వారం వారం చెబుతుంది, ఆవిడ వారం వారం మరిచిపోయి గ్లాసుడు ఎక్కువే పోస్తుంది.

అసలు కిటుకు మాత్రం పువ్వు తీయడంలో ఉంది. జెర్బెరాని మొక్క మీద కత్తిరించకూడదు. నడిమి బొట్టులో అంచున రెండు వరసలు పుప్పొడి విప్పాయా లేదా చూసుకోవాలి. విప్పితేనే పువ్వు ముదిరినట్టు, లేకపోతే వాజులో మెడ వాల్చేస్తుంది. అప్పుడు కాడని మొదలుకంటా పట్టుకుని, పక్కకి వాల్చి, కాస్త మెలి తిప్పి లాగాలి. 'టప్'మని అడుగున ఉండే మడమతో సహా ఊడి వస్తుంది, మొక్క మీద ఏమీ మిగలదు. ఆ తరవాతే కత్తెర పని. వెనక వసారాలో బల్ల దగ్గర కూర్చుని, గట్టిపడ్డ మడమని ఏటవాలుగా కత్తిరిస్తే కాడ నీళ్ళు తాగుతుంది. పెరట్లో కత్తెర వాడితే మొక్క మీద మొండి మిగులుతుంది. మొండి కుళ్ళుతుంది, కుళ్ళు మొదట్లోకి పాకుతుంది, అంతటితో మొక్క ఖాళీ.

ఈ లాగడం అందరికీ వచ్చేది కాదు. కొడుకు ఒకసారి లాగితే మొక్క వేళ్ళతో సహా చేతిలోకొచ్చింది. వాడికి ఆ రోజే పెరటి పాసు రద్దయింది. డ్రైవరు గారు సాధుమనిషి, పువ్వుని పట్టుకుని బతిమాలుతున్నట్టు నిలబడతాడు తప్ప లాగలేడు. అందుకని వారానికి నూరూ నూట యాభై పూలు ఆవిడ ఒక్క కుడి చేతి మీదే వచ్చేవి. ఆ చేతి బొటనవేలేమో ముప్ఫై ఒక్క ఏళ్ళు టికెట్లకి చిల్లులు వేసి వేసి అరిగిపోయిన వేలు. నిరుటి నుంచి తెల్లారేసరికి వాచిపోతోంది. ఆవిడ దాచింది. నొప్పి దాయగలిగింది గానీ, చేతిలోంచి కాఫీ గ్లాసు జారిపోవడం దాయలేకపోయింది.

రాత్రి పడుకున్నా పొద్దున లేచినా ఆవిడ మనసులో ఒకటే మాట తిరిగేది. ఈ వేలు మొరాయిస్తే పెరడు ఎవరి చేతిలో పెట్టాలి?

కోడలు వచ్చి అప్పటికి నాలుగు నెలలు. మంచి పిల్ల. చౌరస్తాలో ఆడవాళ్ళ పార్లర్‌లో జుట్టు కత్తిరించే పని. పెళ్ళికి ముందే ఆ చేతికి పేరుంది, కబుర్లు చెబుతూనే రెండు చెవుల దగ్గరా వెంట్రుకవాసి తేడా లేకుండా కత్తిరిస్తుందని. కాపురానికి వచ్చినప్పుడు బట్టల పెట్టె కంటే ముందు తన కత్తెరల తోలు సంచీని లోపలికి పట్టుకెళ్ళింది. టికెట్టక్క ఆ చేతుల వంక చూసేది. నిగనిగలాడే గోళ్ళు, వాటికి లేత రంగు. 'ఈ చేతులు మట్టిలో పెడుతుందా నా తల్లి?' అనుకునేది. అడిగితే కాదనలేక ఒప్పుకుంటుందేమోనని భయం, ఒప్పుకోకపోతే తన ముఖం ఎక్కడ పెట్టుకోవాలోనని ఇంకో భయం. మొత్తానికి అడగలేదు.

కోడలికి మాత్రం చేయాలనే ఉంది. కానీ ఆ పిల్ల లేచేసరికి పెరటి పని అయిపోయేది. పూలు తీసే రోజున వంటింటి కిటికీలోంచి ఆమెకి కనబడేది ఒకటే దృశ్యం. అత్తగారు బల్ల ముందు కూర్చుని, కత్తెరతో కాడలు చకచకా కత్తిరిస్తూ ఉండడం. పనిలో వెనక సగమే చూసింది, ముందు సగం చూడలేదు. 'ఓస్, కత్తిరించడమేగా! నాకు రానిదేముంది?' అనుకుంది.

ఒక గురువారం పొద్దున్నే డ్రైవరు గారు పట్టుబట్టి ఆవిడని ఎముకల డాక్టరు దగ్గరకి తీసుకెళ్ళాడు. డాక్టరు బొటనవేలికి పట్టీ కట్టి, "ఇంకోసారి మెలితిప్పే పని చేశారంటే ఈ వేలు ఇక వంగదు" అన్నాడు. ఇంటికి వచ్చేటప్పుడు స్కూటరు వెనక కూర్చుని ఆవిడ ఒక్క ఈల కూడా వేయలేదు. అది చూసి డ్రైవరు గారికే దిగులు పుట్టింది.

పెరటి గేటు తీసేసరికి వరసగా తొమ్మిది బకెట్లు. ప్రతి బకెట్టు నిండా పూలు. బకెట్ల పక్కన కోడలు, నుదుటి మీద చెమట, ముఖం నిండా నవ్వు, చేతిలో కత్తెర.

"రేపటి పూలన్నీ కోసేశాను అత్తయ్యా! అరగంటే పట్టింది. మీరు వేలు నొప్పెట్టుకుని రెండు గంటలు పాట్లు పడతారు కదా. చూడండి, మొదలుకంటా ఎంత నున్నగా కోశానో!"

టికెట్టక్క మడుల వంక చూసింది. పన్నెండు మడుల్లోనూ ఒక్క పువ్వు లేదు. విప్పినవీ లేవు, విప్పనివీ లేవు. ప్రతి దుబ్బు మధ్యలోనూ తెల్లగా, నున్నగా, రెండేసి మూడేసి మొండి కాడలు. ఈల నోటి దాకా వెళ్ళింది గానీ ఊదడానికి ఊపిరి రాలేదు.

"ఏమోయ్, ముందు కూర్చో" అంటూ డ్రైవరు గారు ఒక బకెట్టు ఖాళీ చేసి బోర్లించాడు.

కూర్చుంది. కోడలి నవ్వు కొంచెం కొంచెంగా తగ్గిపోయింది.

"ఏమైంది అత్తయ్యా? పొట్టిగా కోశానా?"

"పొట్టిగా కాదే తల్లీ. అసలు కోయకూడదు." ఆవిడ గొంతు పెంచలేదు. ఎందుకు కోయకూడదో, మొండి ఏమవుతుందో, మొదలు ఏమవుతుందో చెప్పింది.

"ఎన్ని మొక్కలకి అలా అవుతుంది?"

"ఎన్నిటికి కోశావు?"

ఆ పిల్ల మడులన్నీ ఒకసారి కలయజూసింది. కత్తెర బల్ల మీద పెట్టి, లోపలికి వెళ్ళిపోయింది.

టికెట్టక్కకి కోపం రాలేదా అంటే వచ్చింది. పదమూడేళ్ళుగా ఉన్న దుబ్బులున్నాయి అందులో. కానీ ఆ కోపం ఎటు తిప్పినా తిరిగి తన మీదకే వచ్చింది. నాలుగు నెలలు ఒకే కప్పు కింద ఉండి, ఒక్క రోజైనా పెరట్లోకి పిలిచి 'ఇలా లాగాలే' అని చూపించిందా? దారి చెప్పకుండా ఉండి, దారి తప్పావని ఎవరినంటుంది?

ఈ లోపల వీధి గుమ్మం చప్పుడైంది. తొంగి చూస్తే కోడలు. చంకలో తోలు సంచీ, చేతిలో పెట్టె, ముక్కు ఎర్రగా చేసుకుని గేటు దాటుతోంది. పాల బూత్ ముందున్న నలుగురూ అప్పటికే మెడలు చాపారు. ఎదురింటి కిటికీ రెక్క ఓరగా తెరుచుకుంది.

అప్పుడు వేసింది టికెట్టక్క ఈల. ఒక్కటే. ముప్ఫై ఒక్క ఏళ్ళ ఊపిరి అంతా పెట్టి వేసింది. మెట్ల మీద డ్రైవరు గారు ఆగిపోయాడు. వీధిలో పేపర్ల సైకిలు ఆగిపోయింది. కోడలు ఆగిపోయింది.

"ఎక్కడికమ్మాయ్?"

"మా ఇంటికి అత్తయ్యా." ఆ పిల్ల వెనక్కి తిరగలేదు. "మీ ముఖం చూడలేను."

"నా ముఖం చూడమని నేనడిగానా? మొక్కల ముఖం చూడు. నూట అరవై దుబ్బులు నా మీద వదిలేసి దిగిపోతావా? ఈ వేలితో నేనేం చేయను?" పట్టీ కట్టిన వేలు ఎత్తి చూపించింది. "మధ్యలో దిగడానికి వీల్లేదు. స్టాపు రాలేదింకా."

"నేను ముట్టుకుంటే ఇంకా పాడు చేస్తాను."

"చేస్తే చేశావు. వచ్చి నా ఎదురుగా చెయ్యి."

అని రెండు ఈలలు వేసింది. కోడలు ముక్కు తుడుచుకుని, పెట్టెతో సహా వెనక్కి వచ్చింది. కానీ ఒక ఈల విన్నవాళ్ళు రెండో ఈల దాకా ఆగలేదు. అత్త చెయ్యెత్తడం వరకు చూసి, ఎవరి చెంబు వాళ్ళు తీసుకుని, తలో దిక్కుకి పరిగెత్తారు. వీధిలో తిరుగుతున్న మాట అక్కడ పుట్టింది.

ఇప్పుడేం చేయాలి? మొండి కాడలన్నీ కుళ్ళు పట్టకముందే ఊడబెరకాలి. కానీ పార్లర్ చెయ్యి కదా, ఎంత నున్నగా కోసిందంటే పట్టుకోవడానికి పిసరంత కూడా మిగల్లేదు. టికెట్టక్క ఎడమ చేత్తో ప్రయత్నించింది. గోళ్ళ మధ్య నుంచి జారిపోయింది. డ్రైవరు గారు టూల్స్ పెట్టె తెచ్చి పటకారు పెట్టాడు. మొండితో పాటు పక్కనున్న లేత మొగ్గ కూడా నలిగిపోయింది.

"మావయ్యా, అది బస్సుకి వాడేది!" అంది కోడలు. ఆ మాట అనేసి తనే ఒక క్షణం ఆలోచనలో పడింది. "ఉండండి అత్తయ్యా." పెట్టె పక్కన పడేసిన తోలు సంచీ తెచ్చి విప్పింది. అందులోంచి ప్లక్కర్ తీసింది, కనుబొమ్మలు తీర్చేది. "కనుబొమ్మ వెంట్రుక కంటే ఇది లావేగా?"

డిపో మడి దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. ఎడమ చేత్తో ఆకులు పక్కకి తీసి, ప్లక్కర్‌తో మొండిని పట్టుకుని నిటారుగా లాగింది. సగానికి తెగింది.

"పైకి కాదు. పక్కకి వాల్చు, వాల్చి తిప్పు" అంది టికెట్టక్క బోర్లించిన బకెట్టు మీద నుంచి.

"ఏ పక్కకి?"

"అది ఎటు వాలి పుట్టిందో అటే."

"ఓహో! వెంట్రుక మొలిచిన వైపుకి. అలా చెప్పండి మరి!" వాల్చింది, తిప్పింది. 'టప్'మంది. ప్లక్కర్ మొనలో మొండి మడమతో సహా వచ్చింది. కోడలు దాన్ని ఎండలో పెట్టి చూసింది, అత్తగారి వంక చూసింది. అత్తగారు తల ఊపింది, అంతే. ఆ చప్పుడు విన్న చెవులు మాత్రం కాస్త నిక్కబొడుచుకున్నాయి.

ఆ రోజు పార్లర్‌కి సెలవు. పొద్దున్నించి సాయంత్రం దాకా పన్నెండు మడులు. మధ్యాహ్నానికి పిల్లకి చెయ్యి అలవాటైంది, చెయ్యితో పాటు నోరు కూడా మొదలైంది. మొక్క ఊగినప్పుడల్లా, "తల కదపకండి మేడమ్, అయిపోయింది, అయిపోయింది" అని బుజ్జగించేది. ఆసుపత్రి మడి దగ్గర ఒక బక్క దుబ్బు చూసి, "ఈవిడకి జుట్టు రాలిపోతోంది అత్తయ్యా, నూనె పెట్టమని చెప్పాలి" అంది. టికెట్టక్క నవ్వు ఆపుకోలేకపోయింది. పట్టీ కట్టిన వేలిని మరిచిపోయి మోకాలి మీద చరుచుకుని, "అబ్బా!" అని మూలిగింది, మూలుగుతూ నవ్వింది. గోడ మీద నుంచి చూసిన ఎవరికో అత్తగారు బకెట్టు మీద దర్జాగా కూర్చోవడం, కోడలు మట్టిలో మోకాళ్ళ మీద పాకడం మాత్రమే కనబడ్డాయి. వీధి మాటకి ఇంకో తోక మొలిచింది.

మర్నాడు పూలు వెళ్ళాల్సిన చోట్లకి వెళ్ళాయి. ముదరని పూలు కదా, సగం దారిలోనే మెడలు వాల్చాయి. పార్లర్ చెయ్యి ఊరుకుంటుందా? కూల్‌డ్రింకు గొట్టాలు తెచ్చి ఒక్కో కాడకీ తొడిగి, మెడ దగ్గర జుట్టు క్లిప్పు పెట్టి నిలబెట్టింది. పళ్ళ డాక్టరు కళ్ళజోడు సవరించుకుని, "ఇదేంటమ్మా, ఈ వారం పూలకి కూడా కట్లు కట్టారు?" అన్నాడు.

"కొత్త కండక్టరు సార్. ఈ వారం ఓర్చుకోండి" అంది టికెట్టక్క.

'కొత్త కండక్టరు' అన్న మాట ఆవిడ నోట్లోంచి అనుకోకుండా వచ్చింది. స్కూటరు దగ్గరున్న కోడలు విననట్టే నిలబడింది గానీ చెవులు ఎర్రబడ్డాయి.

అయినా మొక్కలు బతుకుతాయన్న ధైర్యం ఇద్దరికీ లేదు. మడులకి మూడు రోజులు నీళ్ళు ఆపారు, మొదళ్ళ మీద మందు పొడి చల్లారు. ఇక ఎదురుచూడడమే. కోడలు ఆరు గంటలకే లేచి పెరట్లోకి వెళ్ళడం మొదలుపెట్టింది. ఒక్కో దుబ్బు మొదలూ వేలితో నొక్కి చూసేది. గట్టిగా ఉంటే ముందుకి. మెత్తగా నొక్కుకుపోతే లోపలి నుంచి పోయినట్టే. నాలుగో రోజు మొదటిది పోయింది. పదమూడేళ్ళ ఎర్ర దుబ్బు. దాన్ని మట్టితో సహా తవ్వి తీస్తూ ఆ పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఏడుస్తూ తవ్వకే. తడి ఎక్కువైతే కుళ్ళు ఇంకా పాకుతుంది" అంది టికెట్టక్క.

ఏడుపులోనే నవ్వొచ్చి కోడలికి పొలమారింది. అత్తగారు వీపు తట్టింది, ఎడమ చేత్తో. ఆ ఎర్ర దుబ్బంటే ఆవిడకి ప్రాణం. ఆ సంగతి చెప్పలేదు. చెబితే ఆ పిల్ల మళ్ళీ పెట్టె సర్దుతుందేమోనని భయం. మొక్క పోతే ఇంకో పిలక నాటుకోవచ్చు. ఈ చెయ్యి పోతే ఎక్కడ తెచ్చుకుంటుంది?

పన్నెండు రోజులు గడిచేసరికి పోయినవి పదిహేడు. పదమూడో రోజు ఒకటీ పోలేదు, పధ్నాలుగో రోజూ పోలేదు. పదిహేనో రోజు పొద్దున్న పెరట్లోంచి కేక.

"అత్తయ్యా! ఈల వేయండి!"

"ఎందుకే?"

"మొగ్గ! డిపోలో మొగ్గ!"

టికెట్టక్క పరుగు లాంటి నడకతో వచ్చింది. ఆకుల గుండెల్లో బఠాణీ గింజంత, నూగుతో, ముడుచుకుని ఒక మొగ్గ. రెండు ఈలలు వేసింది. మేడ మీద పళ్ళు తోముకుంటున్న డ్రైవరు గారు బ్రష్షుతోనే కదిలి కిందికొచ్చాడు.

ఆ మొగ్గ కాడ సాగి, విచ్చుకుని, నడిమి బొట్టులో రెండు వరసలు విప్పేసరికి మరో మూడు వారాలు పట్టింది. ఈ లోపల ఇంకో నలభై మొగ్గలు వరసలో నిలబడ్డాయి. అన్నాళ్ళూ నాలుగు చోట్లా వాజులు ఖాళీ. లైబ్రరీ ఆవిడ మాత్రం ఖాళీ వాజులో కూడా మరిచిపోకుండా నిండా నీళ్ళు పోసి పెట్టిందట.

మొదటి పువ్వు తీసే రోజున టికెట్టక్క చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. చేతులు ముందుంటే ఊరుకోవని ఆవిడకి తెలుసు.

"ప్లక్కర్ ఉంటే బాగుండేది" అంది కోడలు.

"ప్లక్కర్ ఎందుకు? కాడ మూరెడుంది. చేత్తో పట్టుకో."

"ఊడి మొత్తం వస్తే?"

"మీ ఆయన చేతిలోనూ వచ్చింది. వాడిని ఇంట్లో ఉంచుకున్నానా లేదా?"

కోడలు ఊపిరి బిగబట్టి లాగింది. పువ్వుతో పాటు ఒక ఆకు కూడా వచ్చింది. రెండోది లాగింది. ఆకు రాలేదు గానీ కాడ మధ్యలో విరిగింది. "మొదలు ఇంకా కిందుంది" అన్న మాట టికెట్టక్క నాలుక చివరి దాకా వచ్చి ఆగింది. మూడోసారి ఆ పిల్ల కళ్ళు మూసుకుని, వేళ్ళు కిందికంటా జార్చి, వాల్చి, తిప్పింది. 'టప్.'

నున్నటి మడమ. మొక్క మీద ఏమీ లేదు.

డ్రైవరు గారు చప్పట్లు కొట్టబోయి భార్య ముఖం చూసి ఆగాడు. ఆవిడ కళ్ళు చెమర్చాయో, ఎండ పడిందో ఆయన అడగలేదు.

"లైబ్రరీకి పన్నెండు కావాలి" అంది టికెట్టక్క. "ఇంకా పదకొండు. పద, పద!"

పోయిన పదిహేడు చోట్లూ ఆ నెలాఖరులోనే నిండాయి. ముసలి దుబ్బులు తవ్వి పిలకలు విడదీశారు. వేళ్ళు మరీ పొడుగ్గా ఉంటే చివర్లు కత్తిరించాలని అత్తగారు చెబితే, కోడలు తోలు సంచీ వంక అనుమానంగా చూసింది.

"కత్తెర వాడొచ్చా అత్తయ్యా?"

"ఇక్కడ వాడొచ్చు."

"కటింగా, ట్రిమ్మింగా?"

"ట్రిమ్మింగే. మొదలు మాత్రం మట్టికి పైనే ఉండాలి, మెడ దాకా పూడ్చావంటే ఊపిరాడదు."

"అలాగే మేడమ్" అంది కోడలు.

ఇప్పుడా పెరట్లో గోళ్ళకి రంగు ఉన్న చెయ్యే తిరుగుతుంది, రంగు కింద మట్టితో. టికెట్టక్క ఏ మొక్క మీదైనా వంగితే చాలు, వెనక నుంచి "చెయ్యి వెనక్కి అత్తయ్యా!" అని కేక పడుతుంది. పార్లర్ నుంచి సాయంత్రం వస్తూనే చెప్పులు గుమ్మంలో, మనిషి పెరట్లో. కొడుకు వంటింట్లో నిలబడి, "అమ్మా, నాకు పెళ్ళయిందా, పూలకి పెళ్ళయిందా?" అంటాడు. తెచ్చి పెట్టిన టీ గోడ మీదే చల్లారిపోతుంది.

ఇంత జరిగినా వీధిలో మాట ఆగలేదు. ఒక సాయంత్రం ఎదురింటి పిన్ని ఇక ఉండబట్టలేక వీధి దాటి వచ్చింది. ఆవిడకి చాటుగా విన్న మాట అరగదు, సూటిగా అడిగితే గానీ నిద్ర పట్టదు. గేటు ఊచలు రెండు చేతులా పట్టుకుని, గొంతు తగ్గించి అడిగింది.

"ఏమే, ఊళ్ళో వాళ్ళ నోటితో వినడం ఎందుకు, నీ నోటితోనే చెప్పు. ఆ రోజు కోడలిని ఇంట్లోంచి గెంటేశావా, లేదా?"

టికెట్టక్క పెరటి వైపు చూసింది. అక్కడ, ఆసుపత్రి మడి దగ్గర, మోకాళ్ళ మీద కూర్చుని కోడలు ఎవరితోనో మాట్లాడుతోంది, మొక్కతోనే.

"గెంటేశాను పిన్నీ, నీ దగ్గర దాపరికం ఎందుకు? పెరట్లోకి గెంటేశాను. ఇప్పుడు పడే అవస్థేమిటంటే, ఎంత పిలిచినా ఇంట్లోకి రావడం లేదు."